రెండు ఫైళ్ళలో ఒకే బండి

ఆనాటి ఉదయం జగ్గయ్యపేటలో, సిమెంటు దుకాణం మేడమీది గదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: డైరెక్టర్ రామచంద్రమూర్తి, ఏజెంట్ ప్రద్యుమ్న, సాంకేతికాధికారిణి దేవమణి. నాలుగో కుర్చీ ఖాళీ. అది ఏజెంట్ సింధూరది. ఆమె చాలాకాలంగా శత్రుముఠాలో, వాళ్ళ మనిషిగానే చలామణి అవుతున్నది.

"ఆ విదేశీ ముఠా లారీలో పేలుడు సామగ్రి దాచి విజయవాడకు తెస్తున్నది," అన్నారు రామచంద్రమూర్తి. "డ్రైవరు పక్కన, అతని భార్య వేషంలో సింధూర ఉన్నది. లారీ నంబరు ఆమే పంపింది."

"గరికపాడు చెక్‌పోస్టులో ఆపేద్దామండీ," అన్నాడు ప్రద్యుమ్న.

"ఊరికే ఆపితే ఎవరో కబురిచ్చారని తెలిసిపోతుంది. అక్కడ వాళ్ళ మనిషొకడు కంప్యూటర్ తెర చూస్తూనే ఉంటాడు. సింధూర ప్రాణం దక్కదు. పర్మిట్ వెబ్‌సైటే మామూలు తనిఖీ కింద ఎర్రదీపం చూపాలి."

ప్రద్యుమ్న తలూపాడు. ఎదుట చల్లారిన టీ తాగాడు, రుచి తెలియలేదు. కిందటి ఆపరేషన్‌లో తాను పంపిన మనిషి తిరిగి రానినాటినుంచి అతనికి ఏదీ తెలియడం లేదు.

దేవమణి ఆ లారీ నంబరును పర్మిట్ లోపాల జాబితాలో చేర్చి, సైటులో కొట్టింది. పచ్చదీపం. మళ్ళీ కొట్టింది. పచ్చదే.

"నిన్న టెస్టింగ్‌లో ఎర్రదే వచ్చిందండీ."

"నిన్న ఎన్ని లారీలతో చూశారు?"

"ఒక్కదాంతోనే. ఇవాళ లైవ్ కదా, ముందర బోలెడు వెళ్ళాయి."

ప్రద్యుమ్న ఇయర్‌పీస్‌లో లారీ ఇంజను మోత. సింధూర గాజులో మైకు, చెవికమ్మలో రిసీవరు ఉన్నాయి. అతడు కోడ్ మాట పలికాడు: "అత్తయ్యకు నలతగా ఉంది." ఆలస్యం చెయ్యమని దానర్థం.

"ఏమయ్యా, టీ తాగిపోదాం," అన్నది సింధూర.

"చెక్‌పోస్టు దాటినంక తాగుదువులే," డ్రైవరు గొంతు.

"దాటాక నువ్వాగుతావా? పొద్దున్నుంచీ గొంతు తడవలేదు."

"నిన్ను పెళ్ళాం వేషం వెయ్యమన్నరు గని, నిజంగ సతాయించుమనలే." అయినా బ్రేకు పడింది.

"లారీ నంబరును మీ ప్రోగ్రాం ఫైలు ఎక్కడ దాచుకుంటుంది?" అని అడిగాడు ప్రద్యుమ్న.

"బండి అని పేరుపెట్టిన వేరియబుల్‌లోనండీ. తర్వాత నందిగామ ఆఫీసువాళ్ళు రాసిన ఫైలును ఇన్‌క్లూడ్ చేశాం, అంటే మన ఫైలులోకి పిలిచి కలిపాం, అంతకుముందు వెళ్ళిన లారీల లెక్క కోసం. ఆ తర్వాతే తనిఖీ."

"ఇన్‌క్లూడ్‌కు ముందొకసారి, తర్వాతొకసారి నంబరును తెరమీద వేసి చూడండి."

ముందు సరైన నంబరే వచ్చింది. తర్వాత, అంతకుముందు గేటు దాటిన లారీ నంబరు. దేవమణి నందిగామ ఫైలు తెరిచింది.

"వాళ్ళూ బండి అనే పెట్టారండీ. మన వైపు లారీని లారీ అనేదెవరు?"

ఇన్‌క్లూడ్ చేసిన ఫైలుకు వేరే గది ఉండదు. పిలిచిన ఫైలు గదిలోకే వస్తుంది. ఒక పేరుకు ఒకటే పెట్టె. చివర వేసిందే మిగులుతుంది. పొద్దున్నుంచీ సైటు తనిఖీ చేస్తున్నది దాటిపోయిన లారీలనే.

దేవమణి తనిఖీని ఒక ఫంక్షన్‌లో, అంటే విడి గదిలో, పెట్టింది. తెరమీద నంబరే లేదు.

"బయటి పేర్లు ఫంక్షన్ లోపలికి కనిపించవు," అన్నాడు ప్రద్యుమ్న, గోడ గడియారం గురించి చెబుతున్నట్టు. "తనిఖీని బయటే ఉంచండి. నందిగామ ఫైలును ఫంక్షన్‌లో పెట్టండి. వాళ్ళ బండి అక్కడే ఉండిపోతుంది."

"ఊదుకుంట ఎంతసేపు తాగుతవ్?" ఇయర్‌పీస్‌లో డ్రైవరు.

"కాలుతోందయ్యా."

"ఇగ చాలు, ఎక్కు."

ఇంజను మోగింది. దేవమణి వేళ్ళు ఆగలేదు. గేటు దగ్గర గుమాస్తా వేషంలో ఉన్న ఏజెంట్ సొలొమోను లైన్లోకి వచ్చాడు. "బండి వచ్చేసిందండీ. నంబరు కొడుతున్నా."

దేవమణి ఫైలును సర్వర్లోకి ఎక్కించింది.

"ఎర్రదండీ," అని, సొలొమోను గొంతు మార్చాడు. "పర్మిట్‌లో తేడా ఉంది బాబూ. బండి పక్కన పెట్టు."

సరుకు దొరికింది. సంకెళ్ళు వేస్తుంటే డ్రైవరు సింధూరతో, "నీ టీ గోలల పడి పర్మిట్ చూసుకోలే," అనడం సొలొమోను లైన్లో గదిలోని అందరూ విన్నారు. ఆమె కూడా అతనితోపాటే వ్యాన్ ఎక్కింది.

ఎవరో వేడి టీ తెచ్చి పెట్టారు. ప్రద్యుమ్న ఒక గుక్క తాగాడు. నాలుక కాలింది. గ్లాసును కాసేపు అలాగే చూశాడు.

రామచంద్రమూర్తి లేచారు. మిగిలిన ఇద్దరూ అదే వరుసలో లేచి ఖాళీ కుర్చీ వైపు తిరిగారు.

"గరికపాడు శివార్లలో కాలే టీని అవసరమైనంత నిదానంగా తాగి ఈ కార్యాన్ని నిలబెట్టినందుకు, కుమారి సింధూరకు ఈ శాఖ కృతజ్ఞతాపూర్వక అభినందనలు తెలియజేస్తున్నది. ఆమె ఇంకా ముఠా మనిషిగానే జైలుకు వెళ్తున్నది కనుక, ఈ పేరు ఈ గది లోపల మాత్రమే చెల్లుతుంది."