ఒక ఈక్వల్ తక్కువ

అన్నపూర్ణేశ్వరి ఆటో కోసం చెయ్యెత్తింది. ఆగింది ఆటో కాదు, మోటార్ సైకిల్. వెనక కూర్చున్నవాడు ఆమె కళ్ళలో పిడికెడు పొడిసున్నం కొట్టాడు. ఢిల్లీ కటవారియా సరాయ్ మలుపులో టీ తాగుతున్నవాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి బండి మాయమైంది.

2004 జూన్. అదేరోజు మధ్యాహ్నం, నోయిడాలో ఆమె ఆఫీసులో, ఆమె కంప్యూటర్ ముందు ఏజెంట్ నోవహు ఏసీ మెకానిక్ వేషంలో కూర్చున్నాడు. చెవిలో చీఫ్ రామమూర్తి గొంతు.

"సరిహద్దు రాడార్లని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ అది. దాని గుండెకాయ కెర్నెల్. కొత్త వెర్షన్ ఐదింటికి అన్ని స్టేషన్లకీ వెళ్తుంది. ఒక విదేశీ ముఠా కాంట్రాక్టర్ పేరుతో దానికి క్లీనప్ మార్పులు పంపింది. ఖాళీలు సర్దడం, కామెంట్లు దిద్దడం. వేల లైన్లు. మధ్యలో ఎక్కడో దొంగ దారి పెట్టారు. రివ్యూ చేస్తున్న ఆవిడకి అనుమానం వచ్చింది. పొద్దున ఆవిడ కళ్ళ మీద దెబ్బకొట్టారు."

"కొత్త వెర్షన్ ఆపేద్దాం సార్."

"పాతదాని లోపం వాళ్ళకి తెలిసిపోయింది. మార్చకపోతే రేపటికి రాడార్లు గుడ్డివి. మారిస్తే వాటి తాళంచెవి వాళ్ళ చేతిలో ఉంటుంది."

"ఇంకో ఇంజినీర్ని పిలుద్దాం."

"అక్కడ ఎవరు మనవాళ్ళో తెలీదు. శరణ్య వస్తుంది. డబుల్ ఏజెంట్. నమ్మకు." లైన్ కట్టయింది.

పెన్నులో కెమెరా, వాచీలో రికార్డర్, నడుముకి రివాల్వర్. స్క్రీన్ మీద చీమల్లా పాకుతున్న ఆ అక్షరాల ముందు మూడూ దండగే. నోవహు సరిహద్దులు దాటాడు, కాల్పులు చూశాడు. ఇంత చేతకానితనం మాత్రం ఎన్నడూ ఎరగడు.

నీలం షిఫాన్ చీరలో శరణ్య లోపలికి వచ్చింది. ఢిల్లీలో పుట్టిపెరిగిన పిల్ల.

"కూలింగ్ సరిపోతోందా మేడమ్?"

"గ్యాస్ అయిపోయింది భయ్యా." కోడ్ సరిపోయింది. ఆమె వంగి మెల్లగా చెప్పింది. "టైమర్ ఫైల్. ఆఖరి లైన్ ఉడా దో, తీసేయ్. బస్."

"నీకెవరు చెప్పారు?"

"వాళ్ళే. యకీన్ కరో, నన్ను నమ్ము."

నిజమైతే దేశం గట్టెక్కుతుంది. అబద్ధమైతే దొంగ తలుపు తన చేత్తోనే తీసినట్టు. తేల్చుకునే చదువు తనకి లేదు. నోవహు మొబైల్‌లో ఆస్పత్రికి కలిపి తన పేరు, పని చెప్పాడు. అక్కడ నర్సు ఫోన్‌ని అన్నపూర్ణేశ్వరి చెవికి ఆనించింది.

"చదవండి," అందామె నీరసంగా.

"ఇంట్... తర్వాత నక్షత్రం గుర్తు... పక్కన మీసంలాంటిది..."

"ఆపండి నోవహు గారూ. ఇలా చదివితే దసరాకి కూడా అవదు." ఆమె దారి మార్చింది. "కొత్త వెర్షన్లోనే క్లీనప్ ముందరి కోడ్, తర్వాతి కోడ్ రెండూ విడివిడిగా కంపైల్ చేయండి, అంటే మెషీన్ భాషలోకి మార్చండి. ఖాళీలు సర్దితే మెషీన్‌కి తేడా తెలీదు. రెండూ అచ్చుగుద్దినట్టు రావాలి. ఏ ఫైల్ తేడాగా వస్తే దొంగ అందులో ఉన్నాడు."

ఆమె ఒక్కో అక్షరం చెప్పింది. అతను ఒక్కో అక్షరం కొట్టాడు. స్క్రీన్ మీద వరసలు పరుగెత్తసాగాయి. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది. చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

"టైమ్ లేదు నోవహు, ఆ లైన్ తీసేయ్," అంది శరణ్య. అతని వేలు డిలీట్ కీ మీదకి వెళ్ళి వెనక్కి వచ్చింది.

ఫలితం వచ్చింది. టైమర్ ఫైల్‌లో ఏ తేడా లేదు. తేడా ఉన్నది వేరొక ఫైల్లో, అదొక్కదానిలోనే.

శరణ్య మొహం పాలిపోయింది. "ముఝే భీ యహీ బతాయా థా, నాకూ ఇదే చెప్పారు," అంటూ హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని తలుపు వైపు నడిచింది.

నోవహు ఎడమచేతిలో ఫోన్, కుడిచెయ్యి కీబోర్డు మీద. లేస్తే ఈ పని పోతుంది. లేవకపోతే ఆ మనిషి పోతుంది. అతను లేవలేదు. హైహీల్స్ చప్పుడు మెట్లు దిగిపోయింది.

"ఆ ఫైల్లో మారిన లైన్లు మాత్రం చదవండి," అంది అన్నపూర్ణేశ్వరి.

మూడో లైన్ దగ్గర ఆమె ఆపింది. "యూజర్ ఈక్వల్ టు జీరోనా? ఈక్వల్ గుర్తులు ఎన్నున్నాయి?"

"ఒకటి."

"రెండుండాలి. జీరో అంటే యజమాని. రెండుంటే, వచ్చినవాడు యజమానేనా అని అడగడం. ఒకటే ఉంటే, వచ్చినవాణ్ణి యజమానిని చేసేయడం."

నోవహు ఒక గుర్తు చేర్చాడు. మళ్ళీ కంపైల్ చేశాడు. ఈసారి అన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. సర్వర్‌కి పంపి చెయ్యి తీసేలోపే గోడ గడియారం ఐదు చూపించింది. కొత్త వెర్షన్ బయల్దేరింది.

సాయంత్రం అతను ఆస్పత్రికి వెళ్ళాడు. ఆమె రెండు కళ్ళకీ కట్లున్నాయి. కారిడార్‌లో డాక్టర్ చెప్పిన మాట ఇంకా అతని చెవుల్లోనే ఉంది: ఒక కన్ను పోయినట్టే, రెండోదాని సంగతి ఇప్పుడే చెప్పలేం.

"ఆ అమ్మాయి దొరికిందా?"

"లేదండి. అబద్ధమాడిందో, తననే మోసం చేశారో కూడా తెలీదు."

"నా కళ్ళ గురించి డాక్టరేమన్నారు?"

"ఆయనే వచ్చి చెప్తారండి."

ఆమె తల ఊపింది.

"మీరు నా లాగిన్‌తోనే పంపారు కదూ?" అంది. "రివ్యూ లేకుండా కెర్నెల్‌లో మార్పు చేసినందుకు రేపు నాకు మెమో ఇస్తారు. చదివిపెట్టడానికి వస్తారా?"