కిటికీ దగ్గర ఆగే డ్రోన్

"మీ డ్రోన్ మా కిటికీ దగ్గరికి ఎందుకొస్తోందండీ?"

షెడ్డులోకి వస్తూనే అడిగింది కుట్టుపని చేసే అమ్మాయి. కొలతల టేపు మెడలోనే ఉంది. ఎదురుగా ఉన్నది ఇంజినీరు. కరెంటుతో నిట్టనిలువుగా పైకి లేచే డ్రోన్లు చెయ్యాలని స్టార్టప్ పెట్టుకున్నాడు.

"ఏ డ్రోనండీ?"

"తోకకి ఎర్ర రంగు వేసింది. రోజూ నాలుగింటికి వస్తుంది. నేను తలెత్తి చూసేదాకా కదలదు. మా అమ్మకి అన్నం సయించడం లేదు. ఆదివారం ఇల్లు ఖాళీ చేసేద్దామంటోంది."

అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అది పోయిన నెలే ఏట్లో పడిపోయింది. ఎంత వెతికినా బ్యాటరీ ఒక్కటే దొరికింది." బల్లమీద ఉబ్బిపోయిన బ్యాటరీని చూపించాడు.

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. "మరి మా ఇంటికే ఎందుకు?"

"దారి తప్పితే, మొదట స్విచ్ వేసిన చోటికే తిరిగొస్తుంది. ఇక్కడ వెయ్యాల్సింది. నేను... మీ కిటికీ కింద వేశాను."

"అక్కడేం పని మీకు?"

"సిగ్నల్ బాగుంటుందని."

"మా సందులో ఫోనే మోగదు. సిగ్నలట."

అతను నేలచూపులు చూశాడు. "మీరు పళ్లతో దారం తెంపుతారు కదా. అది చూద్దామని."

ఆమెకి నవ్వొచ్చింది గానీ భయం పోలేదు. "ఈ నిర్వాకమంతా మా అమ్మకి మీరే చెప్పండి."

చెప్పాడు. నాలుగింటికి ముగ్గురూ కిటికీ తెరిచి నిలబడ్డారు. బయట వాన. ఉన్నట్టుండి చినుకుల చప్పుడు వినపడకుండా పోయింది. తర్వాత సన్నగా మోత, నీళ్లలో మునిగిన తుమ్మెదలా. డ్రోన్ వచ్చి ఎదురుగా నిలిచింది. రెక్కలనిండా నాచు. బ్యాటరీ ఉండాల్సిన గూట్లోంచి నీళ్లు కారుతున్నాయి.

అతను చెయ్యి చాపాడు. స్విచ్ దాకా వెళ్లి చెయ్యి ఆగిపోయింది. ఆమె అతని మణికట్టు పట్టుకుని ముందుకు తోసింది. రెక్కలు ఆగాయి. ఇద్దరి చేతుల్లోకీ వాలింది, మంచుముద్దలా.

"నేను చూసేదాకా ఆగమని మీరే నేర్పారా దీనికి?" అంది మెల్లగా.

"లేదండీ. రోజూ నాలుగింటికి అలా ఆగేది నేను."

ఆమె మణికట్టు వదల్లేదు. తల్లి అది చూసింది.

"కట్టిన మూటలు విప్పవే," అంది. "బాబూ, రేపట్నుంచి సందులో నిలబడకు. మెట్లెక్కి రా. ముందు ఆ కిటికీ వెయ్యండి, నా గుండె ఇంకా దడదడమంటోంది."