టిల్మన్ మూల

ఆ మూలకి మంచి పేరు లేదు.

విస్కాన్సిన్ కొండల నడుమ, వాగు వైపుకి వంగి దిగే మొక్కజొన్న చేలో అట్టడుగు మూల అది. చీకటి పడే వేళ అక్కడ ఒంటరిగా నిలబడితే ఎవరో వెనకనుంచి కాలరు పట్టుకుని లాగుతారని చెప్పుకుంటారు. కొమ్ముల జింకలు ఆ దారినే పోతాయని నేల మీద అడుగులు చెబుతూనే ఉంటాయి... అయినా వేట రోజుల్లో కూడా అక్కడ ఎవరూ మాటు వెయ్యరు.

డ్వేన్ సోల్‌బర్గ్‌కి అలా జడిసేవాళ్ళంటే ఒళ్ళుమంట. ఆ మాటకొస్తే పట్నం నుంచి వేటకొచ్చేవాళ్ళన్నా, రోడ్డు మీద నెమ్మదిగా పోయేవాళ్ళన్నా కూడా అంతే. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. తను తప్ప మిగతా లోకమంతా వెధవలేనని అతని స్థిరాభిప్రాయం.

అందరిలోకీ టిల్మన్ అంటే మరీ చులకన.

ఆ చేను ఒకప్పుడు టిల్మన్‌ది. కొన్నేళ్ళ కిందట, సరిగ్గా ఆ మూలలో, ట్రాక్టరు వెనక కట్టిన కోతయంత్రాన్ని తిప్పే ఇనప షాఫ్టుకి అతని కోటు చిక్కుకుంది. ట్రాక్టరు ఆగలేదు... తెల్లారి చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తరు.

అంత్యక్రియలయ్యాక చర్చిలో కాఫీ ఇస్తుంటే, పాపం జాగ్రత్తపరుడని అందరూ అనుకున్నారు. డ్వేన్ ఊరుకోలేదు. "చచ్చినవాడి కళ్ళు చారెడు. తిరిగే కడ్డీ పక్కన ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం చాతకానివాడికి వ్యవసాయం ఎందుకు?" అన్నాడు, టిల్మన్ భార్య వెర్నాకి వినబడేలాగానే.

తరవాత ఆ చేను కౌలుకి తీసుకున్నదీ అతనే. చిత్రమేమిటంటే, ఏటా చేనంతా కోసి ఆ మూల ఒక్కటే చివరికి మిగిల్చేవాడు. భయం కాదట. అలా కుదురుతోందట.

ఆ ఏడు జింకల వేట మొదలవడానికి ముందు ఆఖరి శని, ఆదివారాలు. శనివారమంతా డ్వేన్ పనిలోనే ఉన్నాడు. కట్టెలు చీల్చాడు, రైఫిలు గురి సరిచూసుకున్నాడు, కోతయంత్రానికి కొత్త గొలుసు వేశాడు. షాఫ్టు మీద ఉండే రేకు తొడుగు గ్రీజు పెట్టడానికి అడ్డమని ఊడదీసి షెడ్డు వెనక్కి విసిరేశాడు. ట్రాక్టరు స్టార్టరు మాత్రం ముట్టుకోలేదు. వేసవి నుంచీ అది మొండికేస్తోంది. ఒకసారి ఇంజను ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు.

ఆదివారం పొద్దుగూకేసరికి ఆ మూలే మిగిలింది. రాత్రికి మంచు పడుతుందని రేడియో చెప్పింది. కొయ్యకపోతే కంకులు పోవడం ఒక ఎత్తు. టిల్మన్ దెయ్యానికి జడిసి చేలో పంట వదిలేశాడని వేట గుడిసెలో నేస్తాలు నవ్వడం ఒక ఎత్తు. డ్వేన్‌కి ప్రాణమైనా ఫరవాలేదు గానీ రెండోది కుదరదు.

"రేపు పొద్దున పోరాదూ," అంది భార్య అర్డిస్. "చీకటైంది. ఆ మూల నాకు నచ్చదు."

"నీకూ ఎక్కిందా ఆ పిచ్చి? నీదీ వెర్నాదీ ఒకటే తలకాయ. లోపలేమీ ఉండదు."

డ్వేన్ వెళ్ళి ట్రాక్టరెక్కాడు.

చివరి సాలు దాకా బాగానే నడిచింది. అక్కడ... తడి చొప్పకర్రలు గొంతుకి అడ్డంపడి యంత్రం మూలిగింది. కంకులు రావడం ఆగిపోయింది.

ఇంజను ఆపాలి. ఆపితే మళ్ళీ లేవదు.

ఆపకుండానే దిగాడు. షాఫ్టు తిరుగుతూనే ఉంది. చీకట్లో అది తిరుగుతున్నట్టే తెలియదు... నున్నగా, కదలకుండా ఉన్నట్టుంటుంది.

మెడ మీద ఏదో చల్లగా తగిలింది. గాలి... గాలే.

"రా టిల్మన్, ఓ చెయ్యి వెయ్యి," అన్నాడు వెటకారంగా, మరీ గట్టిగా కాదు. వంగి, చెయ్యి లోపలికి చాపి, కర్ర పట్టుకుని లాగాడు.

కాలరు బిగిసింది.

వెనకనుంచి ఎవరో పిడికిట పట్టినట్టు... ఊపిరాడలేదు. అరుద్దామంటే గొంతు లేదు. ఆ వెంటనే చర్రుమని చప్పుడు — డ్వేన్ వెల్లకిలా బురదలో పడ్డాడు.

లేచి వెనక్కి చూడలేదు. ట్రాక్టరుని అలా మోగుతుండగానే వదిలేసి, జీవితంలో ఎన్నడూ పరిగెత్తనంత పరిగెత్తాడు.

వంటింట్లో దీపం కింద నిలబడ్డాక గానీ మాట రాలేదు. "టిల్మన్..." అన్నాడు గుసగుసగా. "కాలరు పట్టుకుని లాగేశాడు. లాగకపోతే నేను..."

అర్డిస్ అతని మొహం చూడలేదు. కుడి చెయ్యి చూసింది. భుజం నుంచి మణికట్టు దాకా బోసిగా ఉంది. కోటు చెయ్యీ లేదు, లోపలి చొక్కా చెయ్యీ లేదు. రెండూ షాఫ్టుకి చుట్టుకుపోయాయి. చర్మం మీద ఎర్రటి వాత ఒకటి మిగిలింది.

ఆవిడ దగ్గరికొచ్చి, కోటు ఎడమ చెయ్యి పట్టుకుని మెల్లగా లాగింది. పెద్దగా లాగనే లేదు. అరటితొక్కలా ఊడొచ్చింది.

"అన్నిటికీ ఇంతే," అంది. "చొక్కాలకీ, కోట్లకీ. భుజాల దగ్గర గట్టి కుట్టు విప్పేసి పుచ్చిన దారంతో కుడుతున్నాను. టిల్మన్‌ని పాతిపెట్టిన మర్నాటి నుంచీ."

డ్వేన్ భుజం దగ్గర వేలాడుతున్న దారం లాగి చూశాడు.

"ఆ రోజు నువ్వు కాఫీ తాగుతూ వాగుతుంటే వెర్నా నా చెవిలో చెప్పుకుంది. పుట్టినరోజుకి మంచి కోటు కొనిచ్చానే, ఒక్క పోగైనా తెగలేదే, తెగుంటే బతికేవాడే అని." ఆవిడ ఊడొచ్చిన కోటు చేతిని బల్ల మీద పడేసింది. "నీకు చెబితే వినవు. అందుకని బట్టలకి చెప్పుకున్నాను."

దీంతో అతనికి బుద్ధొచ్చిందనుకుంటే మీరు డ్వేన్‌ని ఎరగరన్నమాట. వేట మొదలైన రాత్రి, గుడిసెలో పొయ్యి చుట్టూ నేస్తాలు బీరు తాగుతుంటే, అతనే గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. చీకటి... మూల... టిల్మన్ చల్లని చెయ్యి. అర్డిస్ పేరు ఎక్కడా రాలేదు. దెయ్యం కాపాడిందంటే గొప్ప. పెళ్ళాం కుట్లు కాపాడాయంటే తలవంపు కదూ.

తిరిగొస్తూ దారిలో కొత్త కోటు కొన్నాడు. మందపాటి గుడ్డ, భుజాలకి జంట కుట్టు. ఏనుగు లాగినా చిరగదని భార్యకి చూపించి మరీ తగిలించాడు. అప్పటికే గుడిసె కబుర్లు నేస్తాల పెళ్ళాల మీదుగా అర్డిస్ దాకా వచ్చేశాయని పాపం అతనికి తెలియదు.

మర్నాడు పొద్దున కోటు తీసుకుని, తనకి తెలియకుండానే కుడి భుజం తడిమాడు. మెత్తటి పాత దారం. మనసు కుదుటపడింది.

ఎడమ భుజం తడిమాడు. కొట్లో వేసిన జంట కుట్టు అలాగే ఉంది.

"ఎడమది మరిచిపోయావు," అన్నాడు.

అర్డిస్ పెనం మీద గుడ్డు తిరగేసింది.

"మరిచిపోలేదు," అంది. "ఆలోచిస్తున్నాను."