మూడు వందల ఇరవై వాట్లు

గాలివాన వెలిసిన రెండో రోజు మధ్యాహ్నం, ఏమీ ఎరగని నంగనాచిలా ఎండ కాసింది. వీధి మలుపులో మూడు కరెంటు స్తంభాలు ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉన్నాయి. మేడ మీది సోలార్ పలకలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ వెలుగును ఇంట్లోకి దింపవలసిన ఇన్వర్టరే, ఆ ఉదయం టప్పుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది.

ఇన్వర్టర్లు బాగుచేయడం మెకానిక్కుకు ఇరవై ఏళ్ళ బతుకుతెరువు. కాని ఇది అక్క ఇంటిది. తల్లి పోయాక తనను పెంచిన అక్క, పక్కగదిలో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ముక్కు దగ్గర గొట్టం. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను కరెంటు లేక మూగబోవడంతో, గొట్టాన్ని సిలిండరుకు తగిలించారు. సిలిండరు సాయంత్రం దాకా వస్తుంది. చెట్లు పడి దారులన్నీ మూసుకుపోయాయనీ, రేపు పొద్దున్నే వస్తామనీ అంబులెన్సువాళ్ళు చెప్పారు.

"ఏరా చిన్నోడా," అక్క మాటకూ మాటకూ మధ్య ఊపిరి అరువు తెచ్చుకుంటూ అంది, "ఊరందరివీ బాగుచేస్తావు. అక్క దగ్గరికొచ్చేసరికి... చేతులు వణికాయా?"

"నువ్వు మాట్లాడకే. గాలి దండగ."

"నా గాలి, నా ఇష్టం. నీకు టంకం పెట్టడం రాని రోజుల్లో... కాలిన వేళ్ళకు మందు రాసిందెవరు?"

గుమ్మంలో నిలబడ్డ మేనకోడలు నవ్వబోయి, నవ్వలేక, లోపలికి వెళ్ళింది.

అతడు మూత విప్పాడు. కాలిన వాసన ముఖాన కొట్టింది. మూడు కాళ్ళ నల్లటి ట్రాన్సిస్టర్లు నాలుగూ పేలిపోయాయి. వాటి రకం తెలిపే అంకెలను తయారీవాళ్ళే గీకేశారు, మరొకడు బాగుచేయకుండా. మామూలుగా నలుగురన్నదమ్ముల్లో ఒకడు పోతే మిగిలినవాళ్ళ పోలికను బట్టి పోయినవాణ్ణి పట్టుకుంటాడతడు. ఇక్కడ నలుగురూ పోయారు. పోలిక చెప్పేవాడు లేడు.

ఇదే రకం ఇన్వర్టరు, కాకపోతే రెండింతలు పెద్దది, ఊళ్ళో మరొక్కటే ఉండేది. అది టీచరుగారిది. ఇప్పుడు తన కొట్టు అటక మీద ఉంది.

దాన్ని దింపి తెచ్చాడు. ఆ బోర్డు మీది ఎనిమిది ట్రాన్సిస్టర్లలో నాలుగు నల్లగా మాడి ఉన్నాయి, నాలుగు క్షేమంగా ఉన్నాయి. మీటరు ముళ్ళు ఆనించాడు. నాలుగూ మంచివే. టంకం కరిగించి పైకి తీస్తున్నప్పుడు చేయి ఆగిపోయింది.

నిరుడు టీచరుగారి ఇన్వర్టరు పోయినప్పుడు, అసలు రకం దొరక్క, ఉజ్జాయింపుగా వేరే రకంవి రెండు వేశాడు. ఏమి వేశాడో పక్క కొట్టువాడికి తెలియకూడదని, పనివాడి గుట్టు పనివాడిదే కనుక, గరుకు కాగితంతో వాటి ముఖాల మీది అంకెలు తానే గీకాడు. "ఢోకా లేదండీ," అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఇన్వర్టరు మాడి, ఆవిడ ఆక్సిజన్ మిషను ఆగింది. ఆవిడకూ ఇలాంటి గొట్టమే ఉండేది. ఆయుష్షు అంతేనని అందరూ అన్నారు. అతడూ తలూపాడు.

ఇప్పుడు ఈ నాలుగింటిలో ఆ రెండూ ఉన్నాయో లేవో, ఉంటే ఏవో, గీకిన తనకే తెలియలేదు. బతికుందా చచ్చిందా అన్నంతవరకే మీటరు చెబుతుంది. ఎవరన్నది చెప్పదు.

సిలిండరు ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. నాలుగూ వేసేశాడు.

నాలుగు గంటలకు స్విచ్చి నొక్కాడు. మిషను ఒకసారి మూలిగి, ఊపిరందుకుంది. ఇన్వర్టరు తెర మీద పచ్చటి అంకెలు వెలిగాయి. లోడు మూడు వందల ఇరవై వాట్లు. అక్క మిషను తినేది సరిగ్గా అంతే. బ్యాటరీ డెబ్బై రెండు శాతం. తెల్లవారేదాకా చాలు.

"మావయ్యా, నువ్వు దేవుడివి," అంది మేనకోడలు.

అతడు గొట్టం మిషనుకు మార్చి, అడుగున కాస్త మిగిలిన సిలిండరు మర తిప్పి మూసేశాడు. తిరిగొచ్చి చూస్తే, తెర మీద ఆరు వందల నలభై.

ఫ్యాను చూశాడు, ఆపే ఉంది. లైట్లూ అంతే. ఫ్రిజ్జు తీగ పీకే ఉంది. ఆరు వందల నలభై. "ఒక్క నిమిషమే అక్కా," అని ఆమె మిషను తీగ కూడా తీశాడు. ఇల్లంతా నిశ్శబ్దం. ఇప్పుడు సున్నా రావాలి.

మూడు వందల ఇరవై.

చూస్తుండగా అంకె కాస్త తగ్గింది. మళ్ళీ పెరిగింది. తగ్గింది... పెరిగింది... తొందర తొందరగా. ఎవరో మెట్లెక్కి వచ్చి రొప్పుతున్నట్టు. కాలిన వాసన లోంచి సన్నగా, పొడిగా, మరో వాసన. సుద్దముక్కల పొడి.

తీగ మళ్ళీ గుచ్చాడు.

"ఎవర్రా..." అక్క గుసగుసగా అడిగింది, "నా పక్కన?"

"ఎవరూ లేరే."

"ఉంది. ఆయాసపడుతోంది... పాపం, నాకంటే ఎక్కువ."

బ్యాటరీ అరవై. మేడ మీద ఎండ పసుపెక్కుతోంది. ఇద్దరు తాగితే తెల్లవారేదాకా రాదు. నడిరాత్రి దాకా కూడా నిలవదు. ఆ నాలుగింటినీ పీకేస్తే ఇద్దరికీ లేదు. ఉంచితే ఇద్దరికీ సగం. వేయడానికి మరొక ముక్క కొట్టులో లేదు, ఊళ్ళో లేదు. అతడు విడదీసిన మూతను చేత్తో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనివాడిలా నిలబడ్డాడు.

"తీసెయ్యకురా," అంది అక్క, అతడి ఆలోచన వినబడ్డట్టు. "ఇంకోసారి... ఆమె ఊపిరి తియ్యకు."

ఇంకోసారి. టీచరుగారి సంగతి అక్కకు ఎన్నడూ చెప్పలేదతడు.

ముప్పై. పదిహేను. ఆరు. నడిరాత్రికి ముందే మిషను ఆగింది. సిలిండరులో మిగిలింది అరగంట వచ్చింది. ఆ అరగంటా అక్క అతడి వేళ్ళ మీది పాత మచ్చలను ఒక్కొక్కటిగా తడుముతూనే ఉంది. తర్వాత తడమడం ఆగింది.

పది రోజులకు స్తంభాలు నిలబెట్టారు. అక్క గదిలో కిటికీలు తెరిచారు. అతడు ఇన్వర్టరును గోడ మీద నుంచి దింపాడు. పలకల తీగలు విప్పాడు, బ్యాటరీ తీగలు విప్పాడు, కొట్టుకు మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. పట్టపగలు. వీధిలో జనం. మూత విప్పి, ఆ నాలుగింటినీ తీసి, సుత్తితో నలగ్గొడదామని టంకం కడ్డీ వేడిపెట్టాడు.

ఏ తీగా లేని ఇన్వర్టరు తెర మీద పచ్చగా అంకెలు వెలుగుతున్నాయి.

ఆరు వందల నలభై.

అతడు కన్నార్పకుండా చూశాడు. అంకె పెరిగి తగ్గుతోంది, రెండు లయల్లో. ఒకటి తొందర తొందరగా. రెండోది... నెమ్మదిగా, మధ్యమధ్య ఆగి, ఊపిరి అరువు తెచ్చుకుంటున్నట్టు.

పక్కనే ఎర్ర స్విచ్చి. నొక్కితే ఆరిపోతుంది. వేలు దాని మీద పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. కడ్డీ చల్లారిపోయింది. నొక్కలేకపోయాడు.

వేలు తీయబోతున్నప్పుడు చూశాడు, అంకెల కింద ఉన్న చిన్న గీతను.

బ్యాటరీ నలభై ఒక శాతం.

బల్ల మీద బ్యాటరీ లేదు. ఇన్వర్టరుకు ఆనుకుని ఉన్నది అతడి చేయి ఒక్కటే.

నలభై.