కాచి చల్లార్చిన నీళ్లు

సర్వపిండి అంచు కొరకగానే స్వప్న నోట్లో రాయిలాంటిదేదో తగిలింది. అరచేతిలోకి ఉమ్మి చూసుకుంది. రాయి కాదు, నెల క్రితం ముందు పంటికి అతికించిన తెల్లటి ఫిల్లింగ్. ఊడటం ఇది రెండోసారి. గోడకున్న అద్దంలో గోధుమరంగు మచ్చ మళ్లీ వెక్కిరించింది.

రేపే రాయదుర్గంలో ఓ కంపెనీ రిసెప్షన్ ఉద్యోగానికి ఆఖరి ఇంటర్వ్యూ. వచ్చినవాళ్లను నవ్వుతూ పలకరించడమే అక్కడి పని.

"ఏమైంది బిడ్డా?" పొయ్యి దగ్గర నుంచి అడిగింది తల్లి అంజమ్మ. ఖాజాగూడ అపార్ట్‌మెంట్లలో ఊడ్చి, తుడిచి కూతుర్ని డిగ్రీ దాకా చదివించిన మనిషి.

"ఏమైతది? నువ్వు తాపిన బోరు నీళ్లే! పండ్ల మీద ఏది అతికిచ్చినా నిలుస్తలేదు. ఊర్ల అందరూ అవే నీళ్లు తాగిన్రు గదా, నా పండ్లే గింత ఖరాబెందుకైనయ్?"

అంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పళ్లూ అంతే. నలుగురిలో మాటొచ్చినా, నవ్వొచ్చినా ఆ కొంగు పైకి లేవాల్సిందే.

"నాకేం ఎరుక బిడ్డా. పా, దవాఖానకు నేను గూడ వస్త."

స్వప్న వద్దంది. వద్దనడానికి కారణముంది. తమ ఊరు నల్గొండ దిక్కు అంటే జాలిగా చూస్తారని, తమది హైదరాబాదేనని, చిన్నప్పుడు మింగిన జ్వరం మాత్రల వల్ల పళ్లు ఇలా అయ్యాయని డాక్టరు నీహారికకు చెప్పింది. తల్లి నోరు తెరిస్తే ఆ అబద్ధం అక్కడే తేలిపోతుంది. కానీ అంజమ్మ అప్పటికే చెప్పులేసుకుంది.

నిజాంపేట క్లినిక్‌లో నీహారిక ఊడిన ముక్కను చూసి తల పట్టుకుంది. "రెండుసార్లూ జాగ్రత్తగానే చేశానండి. జ్వరం మాత్రల మచ్చలే కదా, ఎందుకు పట్టడం లేదో అర్థం కావట్లేదు."

"మాత్రలు కాదు డాక్టరమ్మా, మా బోరు నీళ్లు." అంజమ్మ కొంగు తీసి, జీవితంలో మొదటిసారి పరాయి మనిషి ముందు నోరు బార్లా తెరిచింది. "నా పండ్లు జూడుండ్రి, మీకే తెలుస్తది."

స్వప్నకు తల కొట్టేసినట్టయింది.

"ఫ్లోరోసిస్! నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చేది. ముందే చెప్పాల్సిందమ్మా," అంది నీహారిక. "ఈ పళ్ల పైపొర వేరు. యాసిడ్ జెల్ మామూలుగా పెట్టినంతసేపు పెడితే గరుకెక్కదు. గరుకు లేకపోతే ఫిల్లింగ్ పట్టదు. పైపొర కొంచెం అరగదీసి, జెల్ ఇంకాసేపు ఉంచాలి."

"మంచిగనే తాపిన డాక్టరమ్మా," అంజమ్మ ఆత్రంగా అందుకుంది. "అందరి లెక్క ఉత్త నీళ్లు తాపలే. రోజూ కట్టెలేరుకొచ్చి, సగమయ్యేదాక మసల కాగబెట్టి, సల్లార్చి తాపిన."

నీహారిక గ్లవ్స్ తొడుక్కుంటూ మామూలుగానే అనేసింది. "కాస్తే ఫ్లోరైడ్ పోదండి. నీళ్లు ఆవిరైపోతాయి, అది మిగిలి ఇంకా చిక్కబడుతుంది."

పొద్దున తను విసిరిన ప్రశ్నకు జవాబు ఇంత ఘోరంగా దొరుకుతుందని స్వప్న అనుకోలేదు.

గంట తర్వాత పన్ను తెల్లగా మెరిసింది. ఈసారి గట్టిగానే పట్టింది. బయట మెట్ల మీద అంజమ్మ కూర్చుండిపోయింది.

"నేనే జేసిన్నా బిడ్డా?"

ఊరి గురించి, పళ్ల గురించి అవలీలగా అబద్ధాలాడిన స్వప్నకు ఇప్పుడొక్కటి కావాలి. ఎంత వెతికినా నోటికి రాలేదు. తల్లి ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నీకు తెల్వక జేసినవమ్మా. నేను అన్నీ తెలిసి నిన్ను దాసిపెట్టిన."

అంజమ్మ కూతురి కళ్లు తుడిచింది. "ఏడ్వకు. రేపు ఆడ నవ్వాలె గద. జర నవ్వి సూపియ్."

స్వప్న ఏడుస్తూనే నవ్వింది. ఆ తెల్లటి పన్నును చూసి అంజమ్మకూ నవ్వొచ్చింది, అలవాటుగా చెయ్యి కొంగు కోసం వెళ్లింది.

స్వప్న ఆ చెయ్యి పట్టుకుంది. "అడ్డం పెట్టుకోకమ్మా."