ఉతుకుడుబండ మడుగు

పామిడి దాటినాక పెన్న ఒడ్డున మా ఊరు. ఊరికి ఎగువన, ఏరు మలుపు తిరిగేకాడ ఒక నల్లబండ, దాని చుట్టూ మడుగు. ఉతుకుడుబండ మడుగు అంటారు. పొద్దుమునిగినాక ఆ పక్కకు ఎవురూ పోయేటోళ్ళు కాదు. నేను చెప్పేది మూడేండ్ల కిందటి మాటప్పా. ఇప్పుడైతే రాత్రంతా ఇసుక ట్రాక్టర్లు తిరుగుతాండాయి. దెయ్యం ఉన్నప్పుడే ఏరు బాగుండె.

రాత్రి పన్నెండు దాటితే ఆ బండ మీద గుడ్డలు ఉతికే సప్పుడు వస్తాండె. దబ్... దబ్... మధ్యలో ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, మళ్ళీ దబ్... టార్చి వేస్తే ఎవురూ కనపడరు. ఎప్పుడో గుడ్డలు ఉతుకుతా ఏట్లో కొట్టుకపోయిన ఆడమనిషి అని ఒకరు, కాదు, ఆమెను చంపి పారేసినారని ఇంకొకరు. ఆమె పేరేంది, ఏ ఊరిది అంటే మాత్రం ఎవుని దగ్గరా జవాబు లేదు.

ఒక ట్రాక్టరు డ్రైవరు ఆ సప్పుడు విని పార, చెప్పులు ఆడనే వదిలేసి ఊర్లోకి పారిపోయి వచ్చినాడు. నేనూ ఒకసారి విన్నా. జ్వరమొచ్చి మూడు దినాలు లేవలేదు. చేపలమ్మే ఈ కదిరమ్మ నోరు ఎట్లాంటిదో ఊరంతా తెలుసు. ఆ మూడు దినాలు నా నోరు పెగల్లేదు.

చేపల సంగతి కూడా చెప్పాల. పెన్న కర్నాటక కొండల్లో పుట్టి వస్తాది. మా నాయన కాలాన ఏరంతా చేపలే. తరవాత పైన కట్టలు కట్టి నీళ్ళు ఆపినారు. కింద ఇసుక తోడినారు. మిగిలిన గుంతల్లో ఒకడు బ్లీచింగ్ పొడి కలుపుతాడు, ఇంకొకడు బండలు పగలగొట్టే తూటా పేలుస్తాడు. పెద్ద చేపలు ఏరుకుంటారు, చిన్నవి ఆడనే కుళ్ళిపోతాయి. పాపిష్టోళ్ళు, ఒక్కో గుంతనూ అట్లే చంపినారు.

ఎండాకాలం నీళ్ళు నిలిచేది ఈ ఒక్క మడుగులోనే. ఏట్లో మిగిలిన కొర్రమీన్లన్నీ ఈడికే చేరేటివి. కొత్తనీళ్ళు వచ్చేదాకా ఇందులో వల వేయకూడదని మా పెద్దోళ్ళు పెట్టిన కట్టుబాటు. పగలు దిగితే నలుగురూ చూసి తిడతారు. రాత్రి దిగుదామంటే దెయ్యం. దెయ్యం పుణ్యాన చేపలు బతికినాయి.

ఆ కట్టుబాటును నెత్తిన పెట్టుకొని తిరిగేటోడు తిప్పన్న ఒక్కడే. నా ఈడోడు. ముందు వలలు వేసేటోడు, ఏరు ఎండినాక మల్లికార్జున చీనీ తోటకు రాత్రి కావలికి పోతాండె. ఒక్కడే కొడుకు, ఓబిలేష్. కోడలు లహరి.

ఆ యేడు మే నెలలో లహరికి కాన్పు అయ్యింది. ఆడబిడ్డ. తల్లికి పాలు పడలేదు. డబ్బాపాలు పట్టిస్తే బిడ్డ కక్కేస్తాది. ఆసుపత్రికి రెండుసార్లు తిప్పినారు. పన్నెండో దినానికి బిడ్డ ఏడుపు కూడా సన్నగైపోయె. ఓబిలేష్ నా దగ్గరికొచ్చి, ఏం చేయాలవ్వా అని కూలబడినాడు. నా నోరు పడిపోను... కొర్రమీను చారు తాపితే పాలు పడతాయని చెప్పినా. ఐసులో వచ్చే నా చేపలు పనికిరావు, బతికిన కొర్రమీనే కావాల అని కూడా చెప్పినా.

వాడు పోయి నాయనను అడిగినాడు. తిప్పన్న ఒప్పుకోలేదంట.

"తల్లిచేప ఇప్పుడు పిల్లలతో ఉండాది రా. ఎర్రపిల్లలు పైన తిరుగుతాంటే అది కింద కాపలా ఉంటాది. దాన్ని తీస్తే అన్నీ పోతాయి. వారం ఆగు, కొత్తనీళ్ళు రానీ. నేనే పట్టిస్తా."

"నా బిడ్డ వారం ఆగుతాదా నాయనా?"

మరుసటి పొద్దున ముసలోడు పామిడికి పోయి బతికిన కొర్రమీను కోసం ఎండలో తిరిగి తిరిగి ఉత్తచేతులతో వచ్చినాడు. ఆ సంగతి కొడుక్కు చెప్పలేదు. నాకు చెప్పినాడు. నేనూ వానికి చెప్పలేదు. సాయంత్రం తువ్వాలు భుజాన వేసుకొని ఎప్పట్లాగే తోటకు పోయినాడు.

ఆ రాత్రి జరిగింది ఓబిలేష్ తరవాత నాకు చెప్పిందే.

మడుగు గట్టు మీద ఒక బోరు షెడ్డు ఉండాది. ఆ వారం మా ఊరి మోటార్లకు కరెంటు వంతు రాత్రి పన్నెండున్నరకు. వాడు ముందే పోయి స్టార్టరు డబ్బా నుంచి రెండు వైర్లు లాగినాడు. కొనలు వెదురుకట్టెలకు కట్టి మడుగులో గుచ్చినాడు. పైకొచ్చి షెడ్డులో నక్కి, టార్చి ఆర్పేసి కూర్చున్నాడు. సందమామ లేదు. బిడ్డ మొగమే కండ్లల్లో ఉండె, దెయ్యం సంగతే మరిచిపోయినా అన్నాడు.

పన్నెండు దాటినాది...

దబ్...

పారిపోదామని లేచి, బిడ్డ గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

దబ్... దబ్...

ఈసారి నీళ్ళల్లో అడుగుల సప్పుడు కూడా. ఎవురో మోకాటి లోతులో నడుస్తాండారు... మెల్లగా... బండ చుట్టూ...

ఎవురని అడగబోయినాడంట.

అప్పుడే డబ్బా మీద లైటు వెలిగినాది. కరెంటు వచ్చె.

నొక్కకపోతే బిడ్డ దక్కదు. నీళ్ళల్లో ఉన్నది మనిషి కాదు గదా, దెయ్యాన్ని కరెంటు ఏం చేస్తాది అనుకున్నాడు. కండ్లు మూసుకొని పచ్చబటన్ నొక్కినాడు.

నీళ్ళు ఒక్కసారి పెద్దగా కొట్టుకున్నాయి... అంతే. మళ్ళీ దబ్ అనలేదు.

వంద లెక్కపెట్టి ఎర్రబటన్ నొక్కినాడు. దెయ్యం కూడా కరెంటుకు భయపడి పోయిందని లోపల్లోపల నవ్వుకున్నాడంట.

వైర్లు పీకేసి, టార్చి వేసుకొని దిగినాడు. కొర్రమీన్లు తెల్లగా కడుపులు పైకెత్తి తేలుతాండాయి. వాటి చుట్టూ ఎర్రపిల్లలు, మిరపపొడి చల్లినట్టు. ఒక్కటీ కదల్లేదు. పెద్దవి రెండు గోనెసంచిలో వేసుకున్నాడు. బండ అవతలికి మాత్రం టార్చి తిప్పలేదు. అంత ధైర్యం లేకపోయె.

తెల్లారుజామున నా తలుపు తట్టినాడు. యాడివిరా ఈ చేపలు అని నేను అడగలేదు. తెలిసే అడగలేదు. వాళ్ళింటికి పోయి, నా చేతులతోనే బూడిద పూసి బండకు రుద్ది, ముక్కలు కోసి, మిరియాలు, తెల్లగడ్డలు వేసి చారు కాసినా. లహరి గిన్నెడు తాగినాది. ఇంకో గిన్నె పోయబోతే చెయ్యి అడ్డం పెట్టినాది. మామ ఆకలితో వస్తాడు, ఆయనకు తీసిపెట్టవ్వా అనె. మూత పెట్టి పక్కన పెట్టినా.

పొద్దెక్కె. తిప్పన్న రాలేదు. కావలి నుంచి వచ్చేటప్పుడు టీ తాగుతా కూర్చున్నాడేమో అనుకున్నాం. ఎండ వాకిట్లోకి వచ్చినాక మల్లికార్జున బండి మీద వచ్చి, తిప్పన్న ఇంటికొచ్చినాడా అని అడిగినాడు. రాలేదన్నాం.

"రోజూ నడిరాత్రి ఒక గంట ఏటిపక్కకు పోతాడు" అన్నాడు మల్లికార్జున. "వచ్చి తడి తువ్వాలు చీనీ చెట్టు మీద ఆరేస్తాడు. ఏంది తిప్పన్నా అంటే, చేపలకు కావలి పోయొచ్చినా అని నవ్వుతాడు. రాత్రి పోయినోడు మళ్ళీ రాలేదే."

ఓబిలేష్ గోడ పట్టుకొని కిందికి జారినాడు. నా చేతిలో గంటె అట్లే నిలబడిపోయె. తడి తువ్వాలు... బండ... దబ్... ఇన్నేండ్లు మేమంతా భయపడి పారిపోయింది ఆ ముసలోనికి. టార్చి వేస్తే బండ వెనక నక్కేటోడు, మేము పోయినాక మళ్ళీ కొట్టేటోడు. నాకు జ్వరమొస్తే చూడనీకి వచ్చి, ఏం వినినావు కదిరమ్మా అని ఏమీ తెలియనట్టు అడిగినాడు.

మల్లికార్జునకు ఏమీ అర్థం కాలేదు. ఓబిలేష్ మొగం, నా మొగం చూస్తాండాడు. లోపల బిడ్డ గుటకలు వేసే సప్పుడు వాకిటిదాకా వినపడుతాండె.

"అవ్వా..." లోపలినుంచి లహరి పిలిచినాది. గొంతులో నవ్వు. "పాలు పడినాయవ్వా. మామ రాగానే చెప్పు."