గడ్డి సెట్టింగు సున్నా

"ఇది గ్రాఫిక్స్ కార్డా, పురావస్తువా?"

అతను తెచ్చిన కంప్యూటర్ బాక్సుని వెనక్కి తిప్పి చూసి, కౌంటర్ వెనకున్న అమ్మాయి అన్న మొదటి మాట అది. కనీసం "రండి" అని కూడా అనలేదు. మనవాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అతని కోపం ఎప్పుడూ గొంతు దాకా వచ్చి అక్కడే చల్లారిపోతుంది. అందుకే చాలా మర్యాదగా బదులిచ్చాడు.

"ఇంకా పని చేస్తోందండీ."

"పని చేస్తుంటే ఇక్కడికెందుకు మోసుకొచ్చారు?"

నిజమే కదా. అతను బుర్ర గోక్కున్నాడు. "మామూలుగా బాగానే ఉంటుంది. ఆట పెట్టగానే తేడా చేస్తోంది. గోడల మీద నల్లటి గళ్లు వస్తున్నాయి. మనుషుల ముక్కులు ఆకాశం దాకా సాగిపోతున్నాయి. గడ్డి అయితే మిణుకుమిణుకుమంటూ కళ్లు పీకేస్తోంది."

"ఏ ఆట?"

చెప్పాడు. తుపాకులూ యుద్ధాలూ లేని ఆట అది. తెర మీద ఒక ఊరు ఉంటుంది. అందులో ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకుని, మొక్కలు పెంచుకుని, ఇరుగుపొరుగుతో కబుర్లు టైప్ చేసుకుంటూ కాలక్షేపం చెయ్యడమే.

అమ్మాయి ముఖంలో మొదటిసారి చిరునవ్వు కనిపించింది. "నేనూ అందులోనే ఉంటాను. మీ ఇల్లెక్కడ?"

"వాగు పక్కన. ఎర్ర పైకప్పు."

"ఆ వంకర చిమ్నీ ఇల్లు మీదా! మాది వంతెన అవతలే. రోజూ చూసి నవ్వుకుంటాను."

నవ్వుకుంటుందట. అతనికి ఆ చిమ్నీని వెంటనే కూలగొట్టాలనీ, ఎప్పటికీ అలాగే ఉంచాలనీ ఒకేసారి అనిపించింది.

ఆమె బాక్సు పక్క రేకు తీసి, కార్డు ఊడదీసి, బ్రష్‌తో దుమ్ము దులపడం మొదలుపెట్టింది. వెనక తడిక అవతల ఆమె నాన్న ఏదో పాత స్పీకర్‌కి టంకం వేస్తున్నాడు. షాపు ఆయనదే. కంప్యూటర్లు కూతురికి వదిలేసి ఆయన రేడియోలూ స్పీకర్లతో సరిపెట్టుకున్నాడు.

"మీరేం చేస్తుంటారు?" తల ఎత్తకుండానే అడిగింది.

"పళ్లు."

"హోల్‌సేలా, రిటైలా?"

"నోట్లో పళ్లండీ. కట్టుడు పళ్లు తయారుచేసే లాబ్‌లో పని."

"ఓహో, పళ్ల డాక్టర్ గారా!"

"డాక్టర్ని కాదండీ, నేను..."

"పేరు పెట్టేశాను. ఇక మార్చేది లేదు."

కార్డు చిప్పు మీద వేడిని లాగే పేస్ట్ ఎండిపోతే గీకేసి కొత్తది రాసింది. కార్డుని నడిపించే కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఈ వయసు కార్డుకి పడదంటూ దాన్ని తీసేసి పాతది ఎక్కించింది. నల్ల గళ్లు పోయాయి. ముక్కులు ముఖాల్లోకి తిరిగొచ్చాయి. గడ్డి మాత్రం ఇంకా మిణుకుమిణుకుమంటూనే ఉంది.

"ఈ ముసలిదానికి గడ్డి మోసే ఓపిక లేదండీ. ఒక్కో పరకనీ విడివిడిగా గీయాలి కదా పాపం. గడ్డి సెట్టింగు సున్నాలో పెట్టేస్తున్నా. నేలంతా మట్టిలా కనిపిస్తుంది, అంతే. ఇళ్లు, చెట్లు, మనుషులు మామూలే."

సెట్టింగ్స్‌లో గడ్డి గీత మీది గుర్తుని మౌస్‌తో ఎడమ చివరికి లాగింది. తెర నిశ్చలంగా నిలబడింది.

"మళ్లీ తేడా వస్తే తీసుకురండి," అంది.

తేడా వస్తే బాగుండునని అతను ఆ క్షణాన మనస్ఫూర్తిగా కోరుకున్నాడు. తన వస్తువు పాడవ్వాలని కోరుకున్న మొదటి కస్టమర్ బహుశా అతనే.

ఆ సాయంత్రం నుంచి వంతెన మీద కలవడం అలవాటైంది. తెర మీద మనవాడు వేరే మనిషి. జోకులు వేస్తాడు, ఏడిపిస్తాడు, ఆమె మేకలు తన కంచె దూకాయని పంచాయితీ పెడతాడు. అదే మనిషి పొద్దున లాబ్‌కి వెళ్తూ షాపు ముందు ఆగితే నోట్లో పళ్లు తప్ప మాటలుండవు.

"ఏం పళ్ల డాక్టర్ గారూ, నిన్న అంత గొడవ చేశారు? ఇప్పుడు చెప్పండి, నా మేకల సంగతి."

"అదేం లేదండీ. ఊరికే... అటు వెళ్తూ..."

"మీ లాబ్ ఇటు కాదు కదా?"

అతను చెవుల దాకా ఎర్రబడి బస్సెక్కేసేవాడు. ఆమె షాపు కిటికీలోంచి నవ్వుతూ చూసేది.

ఓ రోజు ఆటలో వాన పడింది. ఆమె బొమ్మ పరుగెత్తుకొచ్చి అతని వరండాలో నిలబడింది. రెండు బొమ్మలూ పక్కపక్కన. పిక్సెల్ వానకి ఎవరైనా తడుస్తారా? అయినా అతనికి ఒళ్లంతా చలేసినట్టైంది. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ కాదనుకుని గబగబా టైప్ చేశాడు.

"మీరంటే నాకు ఇష్టం. మీకూ ఇష్టమైతే నా ఇంటి ముందు ఏదో ఒకటి నాటండి. లేకపోతే ఏమీ చెయ్యకండి. మనం మామూలుగానే ఉందాం. మళ్లీ ఎవరమూ ఈ మాట ఎత్తొద్దు."

పంపేశాక జవాబు చూసే ధైర్యం లేక స్విచ్ కట్టేశాడు.

మర్నాడు లాబ్‌లో ఒక పెద్దాయన కట్టుడు పళ్ల సెట్టులో కోరపన్ను తెచ్చి ముందు వరసలో బిగించాడు. "ఆయన్ని రాక్షసుణ్ణి చేద్దామనా?" అని లాబ్ యజమాని తిట్టాడు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా ఆట పెట్టాడు. ఇంటి తలుపు తెరుచుకుంది.

ముందు మట్టి. ఉత్త మట్టి.

కంచె అవతల ఆమె నిలబడి ఉంది. వెనక నాటిందేమో అనుకుని ఇంటి చుట్టూ పరుగెత్తాడు. లేదు. పక్కనేమో. లేదు. మళ్లీ ముందుకొచ్చాడు. మొక్క కాదు కదా, మొలక కూడా లేదు.

ఆమె టైప్ చేసింది. "ఎలా ఉంది?"

కార్డు గురించి అడుగుతోందనుకున్నాడు. మామూలుగానే ఉందామని తనే అన్నాడు కదా, పాపం ఆమె మాట నిలబెట్టుకుంటోంది. ఏడుపు దిగమింగి జవాబిచ్చాడు.

"చాలా శుభ్రంగా ఉంది. పాత చెత్తంతా పోయింది. మీ దయ."

ఆమె బొమ్మ వెనక్కి తిరిగింది. తర్వాత వంతెన వైపు వెళ్లిపోయింది.

అయినా ఆశ చావదు. మరుసటి రోజూ వెతికాడు, ఆ మరుసటి రోజూ వెతికాడు. ఎక్కడా ఏమీ లేదు. ఆ తర్వాత ఆమె కనిపించడమే మానేసింది. వంతెన అవతల దీపం వెలగలేదు. లాబ్‌కి అతను దగ్గరి దారినే వెళ్లడం మొదలుపెట్టాడు. అన్నం సహించలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు, ఆమె కాదని తెలిసి నీరుగారిపోయేవాడు. అడక్కుండా ఉంటే కనీసం మేకల గొడవైనా మిగిలేది. చేజేతులా చెడగొట్టుకున్నానని తనని తానే తిట్టుకున్నాడు.

ఇంతలో తెర మీద అడ్డంగా చారలు పడ్డాయి. ఆట పెట్టకుండానే. అతని అక్క ఆ కంప్యూటర్ మీదే ట్యూషన్ పిల్లలకి లెక్కలు చెబుతుంది.

"రేపు నాకు క్లాసుందిరా. ఆ షాపుకే తీసుకెళ్లు."

"వేరే షాపు చూస్తానులే అక్కా."

"ఏం, ఆ అమ్మాయి బాగా చేసిందని నెలంతా పొగిడావుగా?"

"పొగిడానా?"

"చెవులు చిల్లులు పడ్డాయి. ఏమైందిరా?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే బాక్సు చూసి అలా వణుకుతావేంరా? వెళ్లు!"

దారిలో వాన పట్టుకుంది. బాక్సుని చొక్కాలో దాచుకోలేక, తల దాచుకోలేక, కుడితిలో పడ్డ ఎలుకలా షాపులోకి అడుగుపెట్టాడు.

ఆమె చూసింది. నవ్వలేదు.

"చెప్పండి. ఏంటి ప్రాబ్లం?"

పళ్ల డాక్టర్ అనే పిలుపు కూడా పోయింది. "చారలండీ," అన్నాడు నేల చూస్తూ.

"పెట్టండి అక్కడ."

రేకు విప్పుతుంటే ఓ స్క్రూ ఎగిరి కింద పడింది. ఇద్దరూ ఒకేసారి వంగారు, తలలు ఢీకొన్నాయి, ఇద్దరూ "సారీ" అని మొహాలు తిప్పుకున్నారు. తడిక వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది.

"అమ్మా, ఈ వారంలో ఎన్ని స్క్రూలు పారేశావే?"

"మీ పని మీరు చూసుకోండి నాన్నా!"

కార్డు ఫ్యాన్‌లో దారం చుట్టుకుంది. అది తిరగక కార్డు కాలిపోతోంది, అదీ చారల సంగతి. ఆమె పట్టకారుతో దారం లాగేసింది. కాసేపు చల్లారనిచ్చి అన్నీ బిగించి తెర వెలిగించింది. చారలు లేవు.

ఇక వెళ్లిపోవచ్చు. అతను ఇప్పుడు గుమ్మం దాటితే మళ్లీ ఈ గుమ్మంలోకి రాననుకున్నాడు.

"ఉండండి. ఆట లోడు పడ్డా చారలు రావని చూడాలి," అని ఆమె ఆట తెరిచింది. పని విషయంలో మాత్రం ఆమె కోపాన్ని పక్కన పెడుతుంది.

వంకర చిమ్నీ ఇల్లు తెర మీదకొచ్చింది. తలుపు తెరుచుకుంది. మౌస్ మీద ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఇదేంటి?" అంది మెల్లగా.

"మా ఇల్లు."

"అది తెలుసు. ఇంటి ముందు ఏముంది?"

అంత మాట అడగడానికి మనసెలా వచ్చిందా అనుకున్నాడు. "మట్టి."

"మట్టేనా?"

"మొదటి నుంచీ మట్టేనండీ. మీరేం మొహమాటపడకండి. నేనేం అనుకోలేదు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత నేరుగా చూసింది. తర్వాత సెట్టింగ్స్ తెరిచింది. గడ్డి గీత మీది గుర్తు ఎడమ చివర, సున్నా మీద కూర్చుని ఉంది.

"ఇది ఇలా ఎవరు పెట్టారు?"

"మీరే కదండీ."

ఆమె నుదుటి మీద అరచేత్తో ఒక్కటి కొట్టుకుంది. "నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. ఈ ఆటలో చిన్న పూలమొక్కలు కూడా గడ్డి కిందే లెక్క!"

గుర్తుని కుడి చివరికి లాగింది. తెర గజగజలాడింది. నల్ల గళ్లు లేచాయి, చిమ్నీ ఆకాశంలోకి సాగింది. ఆ గందరగోళం మధ్య నేల మీద పచ్చగా, పసుపుగా ఏదో తేలింది. పూలు. కానీ నిలబడ్డ పూలు కావు. కాడలు విరిగి, రేకులు మట్టిలో కలిసి ఉన్నాయి. ఇంటి చుట్టూ గుండ్రంగా ఎవరో పరుగెత్తిన దారి స్పష్టంగా కనబడుతోంది. ఒక్క మొక్కా మిగల్లేదు.

అంతే, ముసలి కార్డు చేతులెత్తేసింది. తెర నల్లబడింది.

"ఇవన్నీ..." అన్నాడు అతను.

"నేను నాటినవి. మొదటి రోజు నాటాను. మీరు తలుపు తీసి బయటికొచ్చి వాటి మీదే పరుగెత్తారు. నడిస్తే వంగుతాయి, పరిగెత్తితే విరుగుతాయి. పోనీ సంతోషంలో గెంతాడేమో అనుకుని ఎలా ఉందని అడిగాను."

"శుభ్రంగా ఉందన్నాను," అన్నాడు నీరసంగా.

"చెత్తంతా పోయిందన్నారు! అయినా సిగ్గులేకుండా మర్నాడు మళ్లీ నాటాను. మళ్లీ తొక్కారు. మూడోసారి నాటుతూ ఏడ్చాను తెలుసా? ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా, ఇలా తొక్కి చూపించాలా అని. మాట ఎత్తొద్దని మీరే అన్నారు కాబట్టి నోరు మూసుకున్నాను."

"నేనూ అందుకే మూసుకున్నాను."

బయట వాన జోరందుకుంది. అతని లోపల వారాల తరబడి బిగుసుకుపోయిన ముడి ఒకటి వదులైంది. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. ఆ పూలు అప్పటి మాట. ఇంత ఏడిపించాక ఇప్పుడు ఆమె మనసు ఎలా ఉందో?

"కార్డు చల్లారాక మళ్లీ నాటండి. ఈసారి గడ్డి పూర్తిగా పెట్టి, కదలకుండా కూర్చుంటాను," అన్నాడు ఆశగా.

"నాటను. వంగి వంగి నడుం పడిపోయింది."

"మరి నాకెలా తెలుస్తుంది?"

"మనుషులకి ఎలా తెలుస్తుందో అలాగే. అడగండి. ఇక్కడే, నోటితో."

వాన నీళ్లు జుట్టులోంచి కారి కాలర్‌లోకి దిగుతున్నాయి. కీబోర్డు కోసం వేళ్లు గాలిలో వెతుక్కున్నాయి. వేలాది పళ్ల వరసలు చేసిన మనిషి, తన పళ్ల మధ్య నుంచి ఒక్క వాక్యం దాటించలేక సతమతమయ్యాడు.

"మీరు... అంటే... ఆ మేకలు..."

"మేకల సంగతి తర్వాత."

"నువ్వంటే నాకు చాలా ఇష్టం." అనేశాడు. గట్టిగానే అన్నాడు, షాపంతా వినిపించేలా. "ఈ వారాలన్నీ చచ్చి బతికాను. నాతో పెళ్లి ఇష్టమేనా నీకు?"

తడిక మీంచి లేస్తున్న టంకం పొగ ఆగిపోయింది.

ఆమె తల వంచుకుంది. చేతిలోని స్క్రూడ్రైవర్‌ని అటూ ఇటూ తిప్పింది. పెదవులు కొంచెం కదిలినట్టున్నాయి. వాన చప్పుడులో అతనికి ఏమీ వినబడలేదు.

"ఏమన్నావ్? వినబడలేదు. ఇంకోసారి చెప్పవా?"

"చెప్పను పో," అంది ఆమె, ముఖం ఎర్రబడిపోయి.

"ఊఁ అంది బాబూ," అన్నాడు లోపలి నుంచి నాన్న. "నాకు ఇక్కడికే వినిపించింది. తడిసి ముద్దయ్యావు, లోపలికొచ్చి తల తుడుచుకో ముందు."